ఆలస్యం కట్టిన ఊరు

మా గౌడవెల్లికి సముద్రంతో చుట్టరికం ఉంది. దూరపు చుట్టరికమే, అయినా రాతపూర్వకమైనది. రైలు స్టేషన్ల పసుపుపచ్చ బోర్డుల అడుగున ఆ చోటు సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాయడం మన రైల్వేల పాత అలవాటు. మేడ్చల్ లైను మీటర్‌గేజిగా ఉన్న రోజుల్లో బండి కోసం నిలబడి ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. "ఏ సముద్రం నాయనా?" అంటే, "ఏదైతేంది, మనకు అందేదా?" అన్నాడు మా నాయన. చాలా ఏళ్ళకు గానీ జవాబు దొరకలేదు. 1909లో దేశమంతటి ఎత్తులను ఒక లెక్కకు తెచ్చినప్పుడు సర్వే శాఖ తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను కొలిచి, ఆ సగటు మట్టాన్ని సున్నాగా పెట్టుకుంది. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, ఒరిస్సా తీరంలోని ఫాల్స్ పాయింట్, ఇక తొమ్మిదోది మన విశాఖపట్నం. ఇంజనీర్లు ఒప్పుకోరు గానీ, నా లెక్కలో మా ఊరి ఎత్తులో తొమ్మిదో వంతు విశాఖ నీళ్ళది.

ఈ సంగతి మా ఊళ్ళో కొత్తగా చేరిన ఓడవాళ్ళకు చెబితే వాళ్ళ సంతోషం పట్టరానిదైంది. "అయితే మాస్టారూ, మీరు మా నీళ్ళ మీదే నిలబడ్డారన్నమాట" అన్నారు సరంగు గారు. నేను బడిపంతుల్ని కాను, టెలిఫోన్ల శాఖలో పనిచేసి దిగినవాణ్ణి. కానీ ఉత్తరాంధ్ర వాళ్ళు మర్యాద ఇవ్వదలచుకున్న ప్రతివాడికీ మాస్టారి ఉద్యోగం ఇచ్చేస్తారు.

వాళ్ళు ముగ్గురు. ఒకాయన నౌకాదళంలో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా రిటైరయ్యారు. మిగతా ఇద్దరూ సరుకు ఓడలవాళ్ళు, శ్రీకాకుళం తీరంలో ఒకే ఊరివాళ్ళు. ఒకరు డెక్కు మీద సరంగు, ఒకరు ఇంజను గదిలో ఫిట్టరు. పిల్లలు కొంపల్లిలోనో మేడ్చల్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు. మాజీ సైనికుల కాలనీలున్న సైనిక్‌పురి, యాప్రాల్ వైపు గజం ధర అందక, ఔటర్ రింగు రోడ్డు దాటొచ్చి మా దగ్గర వెంచర్లలో ప్లాట్లు కొన్నారు. ఇక్కడ నెత్తి మీద వైమానిక దళం వాళ్ళ శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. ఒక పక్క హకీంపేట, ఒక పక్క దుండిగల్. చీఫ్‌గారు వాటిని ఈగల్ని చూసినట్టు చూస్తారు. నౌకాదళం ముందు ఏదీ ఆయనకు ఆనదు. ఆయన విశాఖలో చాలాకాలం ఐఎన్‌ఎస్ సర్కార్స్‌లో ఉన్నారు. ఆ పేరు ఉత్తర సర్కారుల నుంచి వచ్చింది, వాటిని 1766లో ఇంగ్లీషు వాళ్ళకు ధారపోసింది మా నిజామే అని ఒకసారి గుర్తుచేశాను. "ఇచ్చేసినవాడికి సముద్రం విలువేం తెలుసు?" అన్నారు. నిజమే. గోల్కొండకు మచిలీపట్నం ఉండేది, అక్కడి మంత్రి మీర్ జుమ్లాకు సొంత ఓడలుండేవి. ఆ తర్వాత మా వైపు వాళ్ళకు సముద్రమంటే బోర్డు మీది అంకె ఒక్కటే మిగిలింది.

ముగ్గురూ టీ బల్ల దగ్గర కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా విశాఖకే చేరుతుంది. వాళ్ళు చెప్పే విశాఖకు మాత్రం రోడ్డు మీద నుంచి దారి లేదు. బయట లంగరు దించి ఎదురుచూస్తున్న ఓడలోకి పోర్టు పైలట్ ఎక్కడంతో అది మొదలవుతుంది. ఎడమ పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద 1957 నాటి లైట్‌హౌసు. కుడి పక్క పాత ఊరు, ఊరి అంచున మూడు గుట్టలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. కొండకూ ఊరికీ నడుమ సన్నటి నీటి దారి. అందులోంచి ఓడను టగ్గులు మెల్లగా లోపలికి నడిపిస్తాయి. డెక్కు మీద నిలబడితే కోటవీధి మేడల మీద ఆరేసిన బట్టలు కనిపించేవట. సాయంత్రమైతే ఇళ్ళలో పోపు వాసన కూడా వచ్చేదని సరంగు గారు ఒట్టేసి చెబుతారు. ఫిట్టరు గారికి ఇదేమీ తెలియదు. ఓడ రేవులోకి వచ్చేటప్పుడు ఆయన ఇంజను దగ్గర చెమటలు కక్కుతుండేవారు. ఆయనకు విశాఖ వచ్చిందంటే గుర్తు, పైనుంచి వచ్చే ఆజ్ఞలు ఆగిపోయి ఇంజను ఊపిరి తగ్గించుకోవడమే.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. రోడ్డు మీద వచ్చేవాడికి గాజువాకో మధురవాడో తగిలి, ఊరు మెల్లమెల్లగా చిక్కబడుతుంది. రేవు ద్వారా వచ్చేవాడికి ముందే నడిబొడ్డు. ఓడ దిగి గేటు దాటితే పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్, కాస్త నడిస్తే పూర్ణా మార్కెట్, ఇంకాస్త ఓపికుంటే జగదాంబలో సెకండ్ షో. ఓడవాడు ఊరిని లోపలి నుంచి బయటికి చూస్తాడు. అందుకే ఆ నడిబొడ్డు చిక్కిపోతే అతనికి ఊరే పోయినట్టు. విశాఖ పోలేదు. ద్వారకానగర్, సిరిపురం, రుషికొండ దాటి భీమిలి దాకా పాకింది. ఆ పాకింది వీళ్ళ విశాఖ కాదు.

పోనీ ముగ్గురిదీ ఒకే విశాఖ కదా అంటే, కాదు. ఫిట్టరు గారిది డెబ్బయిల నాటి ఊరు. 1976లో ఔటర్ హార్బర్ రాకముందు తాను చూసినదే అసలు రేవని ఆయన పట్టు. చీఫ్‌గారిది ఎనభైల ఊరు, నౌకాదళం గోడలు ఎత్తుగా ఉన్న ఊరు. సరంగు గారు అందరికన్నా చిన్నవారు, ఆయన ఊరు కంటైనర్లతో ముగుస్తుంది. ఏ మలుపులో ఏ హోటలుండేదో తేల్చుకోలేక వీళ్ళు పడే తగాదాలు విని మొదట్లో నవ్వుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, ముగ్గురూ నిజమే చెబుతున్నారని. ఊళ్ళో ఉన్నవాడు రోజూ చూస్తాడు గనక దేన్నీ చూడడు. హోటలు మూతపడి బట్టల కొట్టు అయిన సంగతి అతనికి వార్తే కాదు. ఏడాదికి ఒకసారి, అదీ నాలుగు రోజులు దిగేవాడికి ప్రతి మార్పూ ఒక దెబ్బ. మధ్య కాలమంతా సముద్రం మింగేసింది కదా.

అసలు ఆ నాలుగు రోజులు ఎక్కడి నుంచి వచ్చేవి? నా బుర్రలో ఈ ప్రశ్న చాలాకాలం తిరిగింది. వాళ్ళ కథలన్నీ వరసగా పెట్టుకుంటే ఒక్కటే జవాబు. వానలు. సమ్మెలు. క్రేను చెడిపోవడం. వ్యాగన్లు రాకపోవడం. బస్తాల్లో వచ్చే గోధుమలు, ఎరువులు, పంచదార తడవకూడదు. చినుకు పడగానే హాచ్‌ల మీద మూతలు పడతాయి, కూలీలు దిగిపోతారు, డెక్కువాళ్ళకు సాయంత్రం ఖాళీ. అల్పపీడనం పట్టిందంటే పండగే. ఆ రోజుల్లో సరుకు ఓడ తన జీవితంలో దాదాపు సగం రేవుల్లోనే గడిపేదని లెక్కలు చెబుతాయి. ఓడ యజమానికి అది కడుపుమంట. నావికుడికి అదే ఊరు. హోటళ్ళు, సినిమా హాళ్ళు, దర్జీ కొట్లు, ఇంటికి మనియార్డరు కట్టే పోస్టాఫీసు, ఉత్తరం రాసిపెట్టే పెద్దమనిషి, అన్నీ ఓడ ఆగినంతసేపే. రేవు పట్నం ఆలస్యం మీద కట్టిన ఊరు.

ఆ ఆలస్యాన్ని చంపింది ఒక రేకు పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో బయల్దేరింది. దాని వెనకున్న మాల్కం మెక్లీన్ ఓడలవాడు కాడు, లారీలవాడు. రేవులో తన లారీలు గంటల తరబడి పడిగాపులు పడటం చూసి విసిగినవాడు. విడి సరుకు ఓడలోకి ఎక్కించడానికి టన్నుకు 5.83 డాలర్లు అయ్యే చోట పెట్టెలతో 16 సెంట్లు కూడా కాలేదు. ఆ తేడా ముందు ఏ పాత రేవు నిలుస్తుంది? లండన్ రాయల్ డాక్స్ 1981లో మూతపడ్డాయి. బొంబాయి పాత డాకుల నుంచి పెట్టెల వ్యాపారం నవశేవకు దాటింది. విశాఖలో కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది. వారాల పని రోజుకు, రోజు పని గంటలకు దిగింది. మరుసటి ఏడాదే, 2004 జులై 1 నుంచి, ఓడలకూ రేవులకూ అంతర్జాతీయ భద్రతా నియమావళి అమల్లోకి వచ్చింది. న్యూయార్క్ జంట భవనాలు కూలిన తర్వాత పుట్టిన భయం అది. గేటు దగ్గర సాయుధులు, పాసులు, తనిఖీలు. దిగడానికి అనుమతి దొరికేలోగా ఓడ కదిలే వేళవుతుంది. సరంగు గారి మేనల్లుడు ఇప్పుడు ఓడల మీదే ఉన్నాడు. సింగపూర్ ఎలా ఉంటుందిరా అని అడిగితే, "క్రేన్లు నీలం రంగు మావయ్యా" అన్నాడట.

ఇక్కడే నేను వాళ్ళతో తగువు పడతాను. ఆలస్యం మీకు పండగ సరే, దాన్ని మోసింది ఎవరు? గోతాం బస్తాలు, మాంగనీసు తట్టలు, ఎండలో కాలే ఇనుప డెక్కు. డాక్ కూలీకి పని ఉంటేనే కూలి. ఓడ రాకపోతే పస్తు. 1948లో డాక్ వర్కర్స్ చట్టం వచ్చి, ఆ తర్వాత రేవు రేవుకూ లేబర్ బోర్డులు పెడితే గానీ వాళ్ళ బతుక్కి ఒక లెక్క కుదరలేదు. వాన పడితే సరంగు గారు సినిమాకు వెళ్ళిన రోజున హమాలీ ఏం తిన్నాడో ఆయన కథలో ఉండదు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లోని విశాఖా వీళ్ళ జ్ఞాపకాల్లోని విశాఖా ఒకే సందులవే. కానీ వీళ్ళు చెప్పే ఊళ్ళో ఆ కథల మనుషులెవరూ తారసపడరు. రేవు మీద గుట్టలు పోసిన బొగ్గు, ఖనిజాల దుమ్ము జ్ఞానాపురం, పాతూరు ఇళ్ళలో అన్నం కంచాల మీద పడుతోందని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. ఓడ మీద నుంచి చూస్తే ఆ దుమ్ములో సూర్యాస్తమయం బ్రహ్మాండంగా ఉంటుందని చీఫ్‌గారే ఒకసారి నోరు జారారు. తర్వాత నాలుక కరుచుకుని, తను ఉన్న ఇంట్లో కూడా రోజూ కిటికీ ఊచలు తుడుచుకోవాల్సి వచ్చేదని ఒప్పుకున్నారు.

మోసిందెవరు, తలచుకునేదెవరు అనే విషయంలో నాకు కాస్త అధికారం ఉంది. సరంగు గారి ప్లాటు ఉన్న చోట ఒకప్పుడు మా ద్రాక్ష తోట. మేడ్చల్, శామీర్‌పేట పక్క అంతా ద్రాక్ష పందిళ్ళే. అనాబ్-ఎ-షాహీ అంటే హైదరాబాద్‌లో ఒక వైభవం. రాతి కడీలు పాతి, తీగలు లాగి, మనిషి వంగి నడిచేంత ఎత్తున పందిరి వేసేవాళ్ళం. ఆ కడీలు కొన్ని ఇప్పటికీ ప్లాట్ల హద్దులకు నిలబడి ఉన్నాయి. తోట పోయిందని మా ఇంట్లో నిజంగా ఏడ్చేవాళ్ళు ఎవరంటే, సికింద్రాబాద్ నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చిపోయిన మా మేనత్త పిల్లలు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిస్తే ఆ నీడ, ఆ గుత్తులు అంటూ కళ్ళు తుడుచుకుంటారు. మందు కొట్టిన చేతులు మావి, బూజు తెగులు వస్తే నిద్ర లేనిది మాకు, బోరు ఎండితే అప్పు చేసింది మా నాయన. తోట అమ్మిన రోజు ఆయన హాయిగా పండుకున్నాడు. ఏ ఊరినైనా, ఏ తోటనైనా గట్టిగా తలచుకునేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళేనని నా అనుమానం. ఈ మాట అంటే చీఫ్‌గారికి కోపం వచ్చింది. "పదిహేనేళ్ళు ఉన్నాను ఆ ఊళ్ళో, చుట్టాన్నా నేను?" అన్నారు. గోడ లోపల ఉన్నారు కదా, క్వార్టర్స్, క్యాంటీను, యూనిఫారం. నేను పొడిగించలేదు.

వీళ్ళు ఏడుస్తున్న రేవు కూడా ఒకరి దుఃఖం మీద లేచిందే. అది మొదట మేహాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న ఉప్పు చిత్తడి. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు మధ్య పరగణాల మాంగనీసును బయటికి పంపడానికి దాన్ని తవ్వారు. ఇసుక కొట్టుకొచ్చి దారి పూడిపోకుండా రెండు ముసలి ఓడల్ని తెచ్చి సముద్రంలో ముంచి అడ్డుకట్టగా చేశారు. విశాఖ రేవు రిటైరైన ఓడల మీదే మొదలైందని చెబితే మా ముగ్గురికీ ఎంత గర్వమో. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ 'జలదుర్గ' తొలి ఓడగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రిబ్బను కత్తిరించాడు. 1948 మార్చి 14న అక్కడే కట్టిన 'జల ఉష'ను నెహ్రూ నీళ్ళలోకి పంపాడు. ఇదంతా ఒక వైపు. ఇంకో వైపు భీమునిపట్నం, కళింగపట్నం, బారువ ఒక్కొక్కటే కళ తప్పాయి. డచ్చివాళ్ళ నాటి నుంచి ఓడల్ని చూసిన భీమిలి తెరచాపల నుంచి బీచ్ రిసార్టులకు దిగింది. అంతకు ముందెప్పుడో ఓడలు కట్టిన కోరంగి 1839 తుపానుకు తుడిచిపెట్టుకుపోయింది. విశాఖ రేవు తెరిచిన నాడు భీమిలి అరుగుల మీద కూర్చున్న ముసలి సరంగులు ఏమనుకుని ఉంటారు? ఇప్పుడు మా టీ బల్ల దగ్గర వినిపించే మాటలే అయ్యుంటాయి. కాలాన్ని కాస్త వెనక్కి జరపాలి, అంతే.

ఫిట్టరు గారి తాత సంగతి వేరు. ఆయనకు పట్నం అంటే విశాఖ కాదు, రంగం. మనవాళ్ళు రంగూన్‌ను అలాగే పిలిచేవారు. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ నుంచి స్టీమర్ల డెక్కుల మీద పడుకుని వేలమంది అక్కడి రేవులో మూటలు మోయడానికి వెళ్ళారు. 1930 మే నెలలో మన కూలీలు సమ్మె కడితే కంపెనీలు వాళ్ళ చోట బర్మావాళ్ళను పెట్టుకున్నాయి. సమ్మె తీరాక వాళ్ళను పొమ్మన్నాయి. ఆ రగడ అల్లర్లై నెత్తురు పారింది. తర్వాత జపాను బాంబులు. అవే బాంబులు 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా పడ్డాయి. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ పేరుతో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. అంత బాధపడి వచ్చిన తాత, చనిపోయే దాకా రంగం వీధుల్ని, అక్కడి ట్రాముల్ని, చేపల పులుసు నూడిల్స్‌ను వర్ణిస్తూనే ఉన్నాడట. కొట్టి తరిమిన ఊరిని కూడా మనిషి ఎందుకలా వర్ణిస్తాడో నాకు అర్థం కాలేదు. నా చుట్టపుచూపు సిద్ధాంతం ఆ తాత దగ్గర తప్పుతుంది. అతను మోసినవాడే, చూసినవాడు కాదు.

ఆమధ్య చీఫ్‌గారు పట్టుబట్టి మమ్మల్ని విశాఖ రామకృష్ణా బీచ్‌కు తీసుకెళ్ళారు. అక్కడ ఇసుక మీద 'కుర్సురా' జలాంతర్గామి ఉంది. 1969 డిసెంబరు 18న సోవియట్ గడ్డ మీద మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకుంది. 73,500 నాటికల్ మైళ్ళు తిరిగినది మరుసటి ఏడాదికి టిక్కెట్టు పెట్టి చూపించే వస్తువైంది. లోపల చూపించేవాళ్ళు విశ్రాంత నౌకాదళ సిబ్బందే. డెబ్బయి అయిదు మందిదాకా మనుషులు వంతులవారీగా పడుకున్న ఆ ఇనుప గొట్టంలో, తలుపు తలుపుకూ వంగుతూ, వాళ్ళు బడి పిల్లలకు టార్పెడో అంటే ఏమిటో చెబుతున్నారు. చీఫ్‌గారు నీళ్ళపై ఓడల మనిషి, జలాంతర్గామివాళ్ళంటే కొంచెం అసూయ. బయటికొచ్చాక, "వీళ్ళే అదృష్టవంతులండీ, రోజూ డ్యూటీకెళ్తున్నారు" అన్నారు. నాకు కనిపించిన తేడా ఇంకొకటి. ఆ గైడ్లలో ఎవరూ పాత రోజుల మీద నిట్టూర్చలేదు. వెనక వరస పెరుగుతోంది, పిల్లలు మీటలు లాగుతున్నారు, నిట్టూర్చడానికి తీరికేది?

అక్కడి నుంచి తెన్నేటి పార్కు వైపు వెళుతూ ఇంకో ఓడ కథ చెప్పుకున్నాం. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' గాలివానకు లంగరు పట్టు తప్పి కొట్టుకొచ్చి ఆ రాళ్ళ మీద కూర్చుంది. కరోనా రోజులైనా జనం గుంపులుగా వచ్చి ఫొటోలు దిగారు. దాన్ని హోటలు చేద్దామన్నారు. ఏటా వందల ఓడలు వచ్చిపోతుంటే ఒక్కదాని పేరూ తెలియని ఊరికి ఈ ఓడ పేరు మాత్రం నోటికొచ్చింది. ఎందుకంటే ఇది కదలలేదు. సరంగు గారికి ఆ జనం మీద కోపం. "ఓడ పాడైపోతే సూడ్డానికొచ్చీనారు గానీ, బాగున్నన్నాళ్ళూ ఒక్కడైనా సెయ్యూపేడా?"

తిరిగొచ్చాక నేను గమనించింది, సముద్రం మా వైపు జరుగుతోందని. పక్కనే ప్రగతినగర్‌లో సముద్ర సమాచార కేంద్రం ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి దేశమంతటికీ సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే. జాలరులకు చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేదీ వాళ్ళే. అటు వికారాబాద్ దామగుండం అడవిలో నీళ్ళ కింది జలాంతర్గాములకు సంకేతాలు పంపే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని అక్కడివాళ్ళు గోల పెట్టారు. చీఫ్‌గారు పేపరు మడిచి, దేశ రక్షణ అన్నారు, నేను చెట్లన్నాను, ఆ పూట టీ చల్లారిపోయింది. వీటన్నిటికన్నా దగ్గరగా వచ్చినవి కంటైనర్లు. మేడ్చల్ హైవే పొడుగునా గోదాములు లేచాయి. ఔటర్ మీద ట్రెయిలర్ల మీద పెట్టెలు వెళుతుంటే సరంగు గారు వాటి కంపెనీల పేర్లు, నంబర్ల ముందుండే నాలుగక్షరాలు పైకి చదువుతారు. తన ఊరిని మింగిన పెట్టెలే కదా అవి. అయినా వాటి మీద ఆయనకు ద్వేషం లేదు. తుప్పు చూసి ఏ పెట్టె డెక్కు మీద ప్రయాణించిందో, ఏది అడుగు వరసలో వచ్చిందో చెప్పేస్తారు. నిజమో అబద్ధమో చెప్పగలిగినవాడు మా ఊళ్ళో ఎవడూ లేడు.

ఆయన ఫోన్‌లో ఓడల ఆచూకీ చూపించే యాప్ ఒకటుంది. పొద్దున టీ చేతికి రాగానే తెరుస్తారు. విశాఖ బయట నీలం మీద రంగురంగుల ముక్కలు. ఒక్కో ముక్కా ఒక ఓడ. "ఇదిగో, ఈ బొగ్గు ఓడకి ఇంకా బెర్తు దొరకనేదు" అంటారు. ఆ గొంతులో తృప్తి పట్టేసి, నా సిద్ధాంతమంతా ఆయన ముందు పరిచాను. మీ ఊరిని కట్టింది ఆలస్యం, పెట్టె దాన్ని తినేసింది, మీరు తలచుకునేది ఊరిని కాదు, ఆగిన కాలాన్ని.

ఆయన ఒప్పుకోలేదు.

"ఆలస్యం ఇప్పుడూ ఉంది మాస్టారూ. ఇదుగో ఆగి లేదేటి? బయట లంగరేసి రోజులకి రోజులు కూకుంటారు. ఊరి దీపాలు కనిపిస్తాయి, ఫోను సిగ్నలొస్తాది, పెళ్ళాంతో మాటాడతారు. దిగడానికి బోటు లేదు, దిగితే పాసు లేదు. కరోనాలో మా మేనల్లుడు కాంట్రాక్టు అయిపోయినా ఓడ మీదే ఉండిపోనాడు."

2020 చివరికి అలా ఓడల మీద చిక్కుబడ్డవాళ్ళు నాలుగు లక్షల మంది అని నేను చదివాను. చెప్పాను.

"మరదే. ఆలస్యం ఉంటే సాలదు, నిచ్చెన దించాలి."

ఫిట్టరు గారు గ్లాసు బల్ల మీద పెట్టారు. "దించినా వీణ్ణి దిగనివ్వకూడదండీ. పూర్ణా మార్కెట్ దగ్గర కిళ్ళీకొట్లో వీడి పద్దు అలాగే ఉంది. పూచీ నేను."

"ఆ కొట్టే లేదురా ఇప్పుడు."

"కొట్టు లేకపోతే? ఆ ముసలాడి కొడుకు మధురవాడలో ఉన్నాడు. అడ్రసు నా దగ్గరుంది."